డిస్కస్ గుడ్లు తెల్లబడుతున్నాయన్నావు కదా

బుజ్జమ్మా,

నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. నీ డిస్కస్ చేపలు రెండూ, గుడ్లు పెట్టడానికి ట్యాంకులో ఉంచే కోన్‌ని (శంకువులాంటి దిమ్మెని) నోటితో శుభ్రం చేస్తూ, ఎదురెదురుగా తలలు వంచుకుంటున్నాయంటే జత కట్టినట్టే. గుడ్లు మొత్తం తెల్లబడి పాడయ్యాయని మందులు కొనకు. షాపువాళ్ళు చెప్పిన లిస్టు పక్కన పెట్టి, ముందు నీళ్ళు చూడు.

హైదరాబాద్ బోరు నీళ్ళలో టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 500 దాటడం మామూలే. పెద్ద చేపలు అలవాటుపడి ఆ నీళ్ళలోనూ బాగానే తిరుగుతాయి. గుడ్ల సంగతి వేరు. డిస్కస్ అమెజాన్ చేప, అక్కడి నీళ్ళలో సున్నం బహు తక్కువ. సున్నం ఎక్కువైతే గుడ్డు పైపొర గట్టిపడి పిల్ల రాదు. అందుకని ఆర్వో నీళ్ళు కలిపి టీడీఎస్ 100 దగ్గరకు దించు. ఒక్కసారిగా కాదు, వారం పది రోజుల్లో. ఉత్త ఆర్వో నీళ్ళు మాత్రం పొయ్యకు, పీహెచ్ (నీళ్ళ పులుపు కొలత) నిలవదు. 6 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. వేడి 29 డిగ్రీలు. ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్ళు ఇల్లు తుడవడానికి వాడితే మీ అమ్మ కూడా గొడవ చెయ్యదు.

నీళ్ళు మారినా గుడ్లు తెల్లబడుతున్నాయంటే నాకు ఇంకో అనుమానం. రెండూ ఆడవేమో! రెండు ఆడ డిస్కస్‌లు కూడా జత కట్టి, కోన్ శుభ్రం చేసి, గుడ్లు పెట్టేస్తాయి. పైకి చూసి ఆడా మగా చెప్పడం కష్టం. గుడ్లు పెట్టే వేళ పొట్ట కింద చిన్న గొట్టం బయటికి వస్తుంది, అప్పుడు చూడు. ఆడదానిది వెడల్పుగా, మొద్దుగా ఉంటుంది. మగదానిది సన్నగా, మొన తేలి ఉంటుంది.

గుడ్లు బాగుంటే రెండో రోజుకి లోపల నల్ల చుక్కలు కనిపిస్తాయి. సుమారు 60 గంటలకి పిల్లలు బయటికి వచ్చి, ఇంకో రెండు మూడు రోజులు కోన్‌కే అంటుకుని తోకలాడిస్తాయి. రాత్రిపూట చిన్న లైటు వెలగనివ్వు, చీకట్లో పెద్దవి కంగారుపడతాయి. కొత్త జంట మొదటి మూడు నాలుగు కాన్పులు తినేసినా టెన్షన్ పడకు, నేర్చుకుంటాయి.

అసలు పరీక్ష పిల్లలు ఈదడం మొదలుపెట్టాకే. వాటి మొదటి తిండి తల్లిదండ్రుల ఒంటి మీది జిగురు. నువ్వు ఏ పొడి వేసినా దానికి సాటి రాదు. అప్పుడు పెద్దవాటి రంగు ముదురుతుంది, పిల్లలు ఆ నలుపు చూసే వెళ్ళి అతుక్కుంటాయి. నీది పిజియన్ బ్లడ్ రకం కదా, దాని ఒళ్ళు నల్లబడదు. పిల్లలు తల్లిని వదిలేసి నల్ల స్పాంజ్ ఫిల్టర్ చుట్టూ మూగి ఆకలితో చచ్చిపోవచ్చు. కనుక ట్యాంకులో నల్లగా ఉన్నది ఏదీ ఉంచకు. ఫిల్టర్ తీసేసి గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ మాత్రం పెట్టు, నీటి మట్టం ఒక అడుగు ఎత్తుకి తగ్గించు, రోజూ అదే వేడి ఉన్న నీళ్ళు కొంచెం కొంచెం మార్చు. అన్నీ కుదిరిన రోజు చూడు: తండ్రి ఒక్కసారి ఒళ్ళు విదిలిస్తే పిల్లల గుంపంతా తల్లి మీదికి మారిపోతుంది. ఆ డ్యూటీ మార్పు చూడ్డానికైనా ఆఫీసుకి సెలవు పెట్టొచ్చు.

ఈదడం మొదలైన నాలుగైదు రోజులకి అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పు నీళ్ళలో పెరిగే బుల్లి రొయ్యల్లాంటివి) వెయ్యి. ఉప్పు నీళ్ళు పోయేలా కడిగాకే. మిగిలినది ట్యూబుతో లాగెయ్యి, లేదంటే రాత్రికి అమ్మోనియా పెరుగుతుంది. కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇప్పుడే కొనిపెట్టుకో.

రెండు మూడు వారాలకి పెద్దవాటిని వేరు చేసి, మళ్ళీ గుడ్లకి తొందరపెట్టకుండా కొన్నాళ్ళు బాగా మేపు. పెద్ద చేపల ఒళ్ళు గాట్లు పడి ఉంటే ఇంకాస్త ముందే తీసెయ్యి. మీటరు చూశాక టీడీఎస్ ఎంతొచ్చిందో ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య