స్ట్రాప్ కట్టుకుంటే షాక్ కొట్టదా?

ప్రశ్న: మా అమ్మాయి డిప్లొమా పూర్తిచేసింది. కంప్యూటర్ సర్వీసింగ్ నేర్చుకుంటానంటోంది. కరెంటుతో పని కదా అని మాకు టెన్షన్. ‘చేతికి స్ట్రాప్ కట్టుకుంటే షాక్ కొట్టదు నాన్నా’ అంటోంది. నిజమేనా? ఈ పనిలోకి పంపొచ్చా?

జవాబు: నిస్సంకోచంగా పంపండి. కాకపోతే స్ట్రాప్ విషయంలో మీ అమ్మాయి పొరబడింది. మణికట్టుకు కట్టుకుని, తీగతో ఎర్త్‌కి కలిపే ఆ పట్టీ కరెంటు నుంచి మనిషిని కాపాడటానికి కాదు, మనిషి నుంచి కంప్యూటర్ లోపలి సర్క్యూట్ బోర్డును కాపాడటానికి.

ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గొళ్లెం పట్టుకుంటే ఒక్కోసారి చురుక్కుమంటుంది చూడండి, అదే స్టాటిక్, అంటే ఒంట్లో పోగయ్యే స్థిర విద్యుత్తు. మన వేలికి ఆ చురుకు తెలిసిందంటే దాదాపు 3,000 వోల్టులు ఉన్నట్టు. కొన్ని చిప్‌లు 100 వోల్టుల లోపే దెబ్బతింటాయి. అంటే ర్యామ్ (మెమరీ చిప్‌లుండే చిన్న బోర్డు) మన చేతిలోనే పాడైపోయినా మనకు తెలియదు. అప్పటికప్పుడు పూర్తిగా పోతే నయమే, కొత్తది వేసేస్తాం. అరకొరగా దెబ్బతిని, కొన్నాళ్లు బాగానే నడిచి, ఆ తర్వాత ఉన్నట్టుండి హ్యాంగ్ అవుతుంటేనే తలనొప్పి. మెషీన్ మళ్లీ మళ్లీ వెనక్కి వస్తుంది, లోపం మాత్రం దొరకదు. అందుకే స్ట్రాప్ కట్టుకుని, ఒంట్లోని స్టాటిక్‌ను ఎర్త్‌కి పంపేయాలి. బోర్డును అంచులు పట్టుకునే తీయాలి.

మనిషికి ప్రమాదం ఉన్నది ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లైలో. 230 వోల్టుల సరఫరా ఉన్నచోట దాని లోపల ఛార్జ్‌ను నిల్వచేసే పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్ పీకేశాక కూడా అది కాసేపు అలాగే నిలిచి ఉండొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాని మూత విప్పకూడదు, డబ్బా మొత్తం మార్చేయడమే. అనుభవజ్ఞులు విప్పినా, లైవ్‌లో, అంటే కరెంటు ఉండగానే పరీక్షించాల్సి వస్తే ముందు స్ట్రాప్ తీసేస్తారు. ఒంటిని ఎర్త్‌కి కట్టేసుకుని లైవ్ వైరు దగ్గర చెయ్యి పెట్టడమంటే కరెంటుకు దారి చూపించడమే. స్ట్రాప్ తీగలో కరెంటును బాగా తగ్గించే 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది నిజమే, కానీ దాని ధీమాతో ఈ సాహసం చేయకూడదు. ఇంటర్వ్యూ చేసేది నేనైతే ‘స్ట్రాప్ ఎందుకు కట్టుకుంటారు’ అని కాదు, ‘ఎప్పుడు తీసేస్తారు’ అని అడుగుతాను.

మామూలు రిపేర్లలో మనిషి భద్రతకైతే ప్లగ్ తీయడం, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టి మిగిలిన ఛార్జ్ వదిలించడం, ఉంగరాలు, గాజులు, వాచీ పక్కన పెట్టడం చాలు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం నొక్కొద్దు, పొడవొద్దు. దానికి నిప్పంటుకోవచ్చు.

కంప్యూటర్ సర్వీసింగ్‌కు ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్ కాంప్టియా ఏ ప్లస్ సిలబస్‌లో ఇలాంటి జాగ్రత్తలు ఉన్నాయి. అయినా కోర్సులో చేర్చే ముందు మీరిద్దరూ ఒకసారి ఆ సంస్థ ల్యాబ్‌కి వెళ్లండి. బెంచీల మీద యాంటీస్టాటిక్ మ్యాట్లు ఉన్నాయా, వాటి తీగలు నిజంగా ఎర్త్‌కి కలిపి ఉన్నాయా అడగండి. పాఠం చెప్పేవాళ్లు ర్యామ్‌ను ఎలా పట్టుకుంటున్నారో కూడా గమనించండి. వేళ్లు బంగారు రంగు కాంటాక్టుల మీద పడుతుంటే ఇంకో చోటు వెతుక్కోండి.