ఒప్పందం ఉంది, సైన్యం రాదు

ప్రశ్న: రష్యా, ఇరాన్ జిగిరీ దోస్తులు కదా, మరి 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఆ వెంటనే అమెరికా ఇరాన్ మీద బాంబులు వేస్తే పుతిన్ ఖండనలతోనే సరిపెట్టాడేంటి?
– ఓ పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: దోస్తీ అని మనం అనుకోవడమే సార్. 2025 జనవరి 17న మాస్కోలో పుతిన్, ఇరాన్ అధ్యక్షుడు పెజెష్కియాన్ సంతకాలు పెట్టిన 20 ఏళ్ల ఒప్పందంలో, ఒకరి మీద దాడి జరిగితే రెండోవారు ఆ దాడి చేసినవాడికి సాయపడకూడదని ఉందే తప్ప తామూ యుద్ధంలోకి దిగాలని ఎక్కడా లేదు. అదే 2024లో ఉత్తర కొరియాతో చేసుకున్నదాంట్లో సైనిక సాయం మాట స్పష్టంగా ఉంది. అంటే ఇక్కడ మర్చిపోయి వదిలేసింది కాదు.

ఇరానీలకూ రష్యా మీద గుడ్డి నమ్మకమేం లేదు. 1828లో రష్యాతో చేసుకున్న తుర్కమెన్‌చాయ్ సంధిలో యెరెవాన్, నఖ్చివాన్ ప్రాంతాలు పోగొట్టుకున్నారు, ఇప్పటికీ ఏదైనా నష్టపు బేరం కనిపిస్తే 'ఇది ఇంకో తుర్కమెన్‌చాయ్' అని తిట్టుకుంటారు. 2007లో బేరం కుదిరిన ఎస్-300 క్షిపణులు, మధ్యలో మాస్కో ఆపేయడంతో, చేతికొచ్చేసరికి 2016 అయింది! షాహెద్ డ్రోన్ల సంగతి మరీ చిత్రం. డిజైన్ ఇరాన్‌ది, ఇప్పుడు రష్యా తన తతర్‌స్తాన్ ప్రాంతంలో సొంతంగా తయారు చేసుకుంటోంది. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం అని నా అనుమానం.

మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది: ఇరాన్‌లో రష్త్–అస్తారా మధ్య 162 కిలోమీటర్ల రైలు మార్గానికి రష్యా డబ్బు పెడతానంది. అది పూర్తయితే ముంబై సరుకు ఇరాన్ మీదుగా మాస్కో చేరడం తేలికవుతుంది.