పాస్‌వర్డ్ సరైనదే, డెస్క్‌టాప్ మాత్రం రాదు

ప్రశ్న: అన్నయ్యా నేనూ వాడే లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. నిన్నటిదాకా బాగానే పనిచేసింది. ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ లాగిన్ దగ్గరికే వస్తోంది. ఫోన్‌లో వెతికితే హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777 పర్మిషన్ ఇవ్వమన్నారు. ఇచ్చాను, ఏమీ మారలేదు. ఫార్మాట్ చేసేయమంటారా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఫార్మాట్ వద్దు. ఇదే ఫిర్యాదు నెలనెలా వస్తూనే ఉంది. వచ్చిన ప్రతివాళ్ళూ ముందు పాస్‌వర్డ్‌నే అనుమానిస్తారు. పాస్‌వర్డ్ తప్పయితే ఆ స్క్రీన్ తప్పని చెబుతుంది. ఏమీ చెప్పకుండా వెనక్కి వచ్చిందంటే మిమ్మల్ని లోపలికి రానిచ్చింది, డెస్క్‌టాప్ మొదలవబోయి అక్కడే ఆగిపోయింది.

లాగిన్ స్క్రీన్ మీద ఉండగా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్లటి తెర మీద యూజర్ పేరు అడుగుతుంది. అక్కడ లాగిన్ అయి, డిస్క్ ఎంత నిండిందో చూపే ‘డీఎఫ్ -హెచ్’ కమాండ్ ఇవ్వండి. రూట్ పార్టిషన్‌కి, అంటే సిస్టమ్ ఉండే డిస్క్ భాగానికి (‘/’ గుర్తున్న లైను), ఎదురుగా 100 శాతం కనిపిస్తే దొంగ దొరికినట్టే. మింట్‌లో మొదట అనుమానించాల్సింది సిస్టమ్ నకళ్ళు (స్నాప్‌షాట్లు) తీసి దాచే టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రాంనే. స్నాప్‌షాట్లు ఎక్కడ దాచాలో మీరు మార్చకపోతే అవి రూట్ పార్టిషన్‌లోనే పోగుపడతాయి. మొదటి స్నాప్‌షాటే దాదాపు మొత్తం సిస్టమ్ అంత ఉంటుంది. 30 జీబీ పార్టిషన్ ఇచ్చినవాళ్ళకి అది నిండడానికి ఎన్నాళ్ళో పట్టదు. ‘సుడో టైమ్‌షిఫ్ట్ --లిస్ట్’ అని కొడితే (సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపడం) స్నాప్‌షాట్ల పేర్లు వస్తాయి. కొత్తది ఒకటి ఉంచి పాతవి ‘--డిలీట్’తో తీసేయండి. ఫైల్ మేనేజర్‌లోంచి ఆ స్నాప్‌షాట్ల ఫోల్డర్‌ని చెరిపేసే పని మాత్రం పెట్టుకోకండి.

డిస్క్‌లో చోటుంటే రెండో అనుమానం హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే, డెస్క్‌టాప్ తెర వాడుకునే అనుమతిని దాచే ‘.ఎక్స్అథారిటీ’ ఫైలు. ‘ఎల్ఎస్ -ఎల్ఏ’ కొట్టినప్పుడు దాని ఓనర్‌గా మీ పేరు బదులు రూట్ (సిస్టమ్ అడ్మిన్ అకౌంట్) అని ఉంటే, ఆ ఫైలు పేరు మార్చి మళ్ళీ లాగిన్ అవ్వండి. సిస్టమ్ కొత్తది తయారు చేసుకుంటుంది. రెండూ కాకపోతే అక్కడే ఉండే ‘.ఎక్స్‌సెషన్-ఎర్రర్స్’ ఫైలు చివరి లైన్లు చదవండి.

అసలు జనం పర్మిషన్ల మీద పడడానికి కారణముంది. ఎక్స్ట్4 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్‌లో మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం విడిగా ఉంటుంది. మీకు చోటు అయిపోయినా రూట్‌కి ఇంకా కొంత మిగిలి ఉండొచ్చు. అందుకే కొందరికి రూట్‌గా వెళ్తే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది, తమ అకౌంట్‌తో రాదు. అది చూసి పర్మిషన్ల గొడవే అని తేల్చేసుకుంటారు. రాయడానికి చోటే లేనప్పుడు పర్మిషన్ ఎంత ఇచ్చి ఏం లాభం?

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఆ 777. ఆ కంప్యూటర్‌లో ఉన్న ప్రతి అకౌంటూ మీ ఫైళ్ళు చదవచ్చు, మార్చవచ్చు అని దానర్థం. చూసేది అన్నయ్యే కదా అనుకోకండి. కాలేజీ ప్రాజెక్టు కోసం అపాచీ లాంటి వెబ్ సర్వర్ పెట్టుకుని ఉంటే దానికీ ఒక అకౌంట్ ఉంటుంది. మీరు రాసిన పేజీలో లొసుగు పట్టుకుని దాంట్లోకి దూరినవాడు ఇప్పుడు టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే మీ ‘.బ్యాష్ఆర్‌సీ’ ఫైల్లో ఒక్క లైను చేర్చగలడు. రేపు మీరు టెర్మినల్ తెరిచి సుడో అంటే, పాస్‌వర్డ్ అడిగేది అసలు సుడో కాదు, వాడు పెట్టిన నకిలీది. మీరు మామూలుగానే కొడతారు. ఆ క్షణంతో మొత్తం కంప్యూటర్ వాడి చేతిలోకి పోతుంది. వేరే కంప్యూటర్‌లోకి కీతో లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాం ఇంత తెరిచిపెట్టిన కీని వాడనని మొండికేస్తుంది. అప్పుడు చాలామంది దాన్నే తిట్టుకుంటారు, పాపం అది చేస్తున్నది మంచి పనే.

కాబట్టి ఈ రోజే హోమ్ ఫోల్డర్‌కి, ఆ ఒక్క ఫోల్డర్‌కే, ‘సీహెచ్‌మోడ్ 700’ ఇవ్వండి, అంటే మీకు తప్ప ఇంకెవరికీ ప్రవేశం ఉండదు. లోపలి ఫైళ్ళన్నిటికీ వర్తింపజేసే ‘-ఆర్’ వద్దు. గుమ్మం దగ్గరే ఆపేస్తుంది గనక లోపలివి ఎవరికీ అందవు. ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, అందులోని ప్రైవేట్ కీకి 600. తర్వాత ‘.బ్యాష్ఆర్‌సీ’, ‘.ప్రొఫైల్’, ఆటోస్టార్ట్ ఫోల్డర్ తెరిచి మీరు రాయని లైన్లేమైనా ఉన్నాయేమో చూడండి. ఇంకొందరు ఇదే 777ని సిస్టమ్ మొత్తానికి ఇస్తున్నారు. దాంతో సుడోకి ఉండాల్సిన సెట్‌యూఐడీ గుర్తు (రూట్ అధికారంతో నడవనిచ్చేది) పోయి సుడోనే పనిచేయడం మానేస్తుంది. వాళ్ళు ఫైళ్ళు కాపీ చేసుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు.

ఇలాంటి సలహా ఇచ్చేవాళ్ళ మీద ఎంత కోపం ఉందో, ఆ లాగిన్ స్క్రీన్ తయారుచేసినవాళ్ళ మీదా అంతే ఉంది. డెస్క్‌టాప్ ఎందుకు ఆగిందో సిస్టమ్‌కి తెలుసు, లాగ్‌లో రాసిపెట్టుకుంటుంది కూడా. ‘డిస్క్ నిండింది’ అని ఒక్క ముక్క తెర మీద చూపిస్తే ఈ అబ్బాయి తన ఇంటి తలుపులు బార్లా తెరిచేవాడా? సమాధానం దొరకని మనిషి కనబడ్డ కమాండల్లా పేస్ట్ చేస్తాడు. లినక్స్ కష్టం అని పేరు పడింది ఇలాంటి చోట్లే.

కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రాం) అప్‌డేట్ తర్వాత నల్ల తెర వస్తోందని రాసినవాళ్ళకీ ఇదే మాట: దొరికిన సలహా అల్లా పాటించకండి. వాళ్ళ లాప్‌టాప్‌లలో విడి గ్రాఫిక్స్ చిప్ ఉంది, దానికి సోర్స్ ఇవ్వని డ్రైవర్ ఉంది. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా ఆ డ్రైవర్ మాడ్యూల్ (కెర్నెల్‌లో చేరే భాగం) మళ్ళీ తయారవ్వాలి. కోడింగ్, బ్రౌజింగ్‌కే లాప్‌టాప్ కొనేవాళ్ళకి ఆ చిప్ అనవసరపు తలనొప్పి అని నా అభిప్రాయం. ప్రస్తుతానికి బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి పాత కెర్నెల్‌తో బూట్ చేయండి. ఆమోదించిన సంతకం లేనిదాన్ని బూట్‌లో నడవనివ్వని సెక్యూర్ బూట్‌ని ఆపేయమని ఎవరు చెప్పినా వినకండి. డ్రైవర్ వేశాక మొదటి రీస్టార్ట్‌లో ఒక నీలం తెర వస్తుంది. పది సెకన్లలో కీ నొక్కకపోతే అది మాయమవుతుంది, డ్రైవర్ సంతకానికి ఆమోదం దొరకదు, మాడ్యూల్ లోడ్ అవదు. అంత ముఖ్యమైన ప్రశ్నకి పది సెకన్లేమిటో! అది తప్పిపోయి ఉంటే ‘మోక్‌యుటిల్ --ఇంపోర్ట్’తో సిస్టమ్‌లోని మోక్ కీని (డ్రైవర్ సంతకాన్ని సరిచూసే కీ) మళ్ళీ ఇచ్చి, తాత్కాలిక పాస్‌వర్డ్ ఒకటి పెట్టి రీస్టార్ట్ చేయండి. ఈసారి తెర ముందే కూర్చుని, ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ కొట్టండి.