పాత జీపు పికప్ స్టీరింగు: ఏ భాగం ఏ బండిదో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారు మొదట నాపరాళ్ల గనికి, తరువాత వేరుశనగ బస్తాలు తోలడానికి వాడిన మహీంద్రా జీపు పికప్ చాలాకాలంగా షెడ్డులో ఉంది. బానెట్ ఎత్తుగా ఉండే మోడల్ అది. దాన్ని పూర్వపు రూపంలో మళ్లీ రోడ్డెక్కించాలని పని మొదలుపెట్టాను. స్టీరింగును నాలుగు వేళ్ల వెడల్పు మేర తిప్పినా ముందు చక్రాలు కదలడం లేదు. కొంచెం వేగం అందుకోగానే వాబ్లింగ్ (ముందు చక్రాలు అటూ ఇటూ కొట్టుకోవడం) వస్తోంది. అనంతపురంలో చూపిస్తే స్టీరింగు బాక్సు మొత్తం మార్చమన్నారు. బాక్సు మీది అక్షరాలు కనిపించడం లేదు, ఇన్నేళ్లలో ఏ భాగాన్ని ఏ బండి నుంచి తెచ్చి వేశారో తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: బాక్సు కొనడానికి ఇప్పుడే తొందరపడకండి. మీరు చెప్పిన ఎత్తు బానెట్‌ను బట్టి అది విల్లీస్ సంస్థ 1953లో విడుదల చేయగా, ఆ తరువాత మహీంద్రా మన దేశంలో తయారుచేసిన సీజే-3బీ వరసలోని బండి అయి ఉండాలి. ఈ బండిలో స్టీరింగు బాక్సు నేరుగా చక్రాలను తిప్పదు. బాక్సు కింద ఉండే డ్రాప్ ఆర్మ్ అనే లివరు డ్రాగ్ లింకు అనే కడ్డీని కదిలిస్తే, అది ముందువైపు ఉండే బెల్ క్రాంకు అనే మధ్య లివరును తిప్పుతుంది; అక్కడి నుంచి రెండు టై రాడ్లు రెండు చక్రాలకు వెళ్తాయి. ఇన్ని కీళ్లలో ఒక్కొక్కచోట వెంట్రుకవాసి అరుగుదల ఉన్నా, అవన్నీ కలిసి మీ చేతి దగ్గర నాలుగు వేళ్ల లూజుగా తేలుతాయి.

కాబట్టి ముందు లూజు ఎక్కడుందో చూడండి. బండిని జాకీ మీద ఎత్తకుండా, బరువు చక్రాల మీదే ఉంచి, ఒకరు స్టీరింగును మెల్లగా అటూ ఇటూ ఆడిస్తుండగా మరొకరు కింద ఒక్కొక్క కీలు మీద చేయి వేసి చూడాలి. ఒక భాగం కదిలి, దాని పక్కనున్నది ఆలస్యంగా కదిలిందంటే లూజు ఆ రెండింటి మధ్యే ఉన్నట్టు. ఈ జీపుల్లో ఎక్కువగా పట్టుబడేది బెల్ క్రాంకే. దాని పిన్ను చుట్టూ నీడిల్ బేరింగులు ఉంటాయి. గ్రీజు పెట్టడం మరిచిపోతే అవి బిగుసుకుపోయి పిన్నును తినేస్తాయి. కొత్త పిన్ను, బేరింగులు దొరికితే అవే వేయండి. దొరకకపోతే మంచి లేత్ పనివారి చేత గన్‌మెటల్ బుష్ వేయించవచ్చు, కానీ అందులో గ్రీజు వెళ్లే రంధ్రం, గాడి తప్పక ఉండాలి.

ఆ తరువాత ముందు చక్రాన్ని పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఊగడం ఆగితే చక్రం బేరింగు లూజు. ఆగకపోతే నకిల్ (యాక్సిల్ చివర చక్రంతోపాటు తిరిగే భాగం) బేరింగు లూజు. ఈ బండిలో కింగ్ పిన్ (నకిల్ తిరిగే ఇరుసు) దగ్గర బుష్‌లకు బదులు టేపర్ రోలర్ బేరింగులు ఉంటాయి. వాటి బిగువును మూతల కింది షిమ్ములు (పలుచని రేకులు) తగ్గించి సరిచేస్తారు. వాబ్లింగుకు చాలాసార్లు మూలం ఇక్కడే ఉంటుంది. కమాన్ పట్టీలు మార్చినప్పుడు యాక్సిల్ వాలు చెడినా అదే జరుగుతుంది. ఈ జీపుకు క్యాస్టర్, అంటే కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం, 3 డిగ్రీలు ఉండాలి.

ఇక బాక్సు గుర్తింపు. పోతపోసిన ఒళ్లు మీద మసి, పెయింటు వైరు బ్రష్‌తో గీకితే తరచూ పేరు బయటపడుతుంది. పడకపోతే పక్క మూత విప్పండి. సెక్టర్ షాఫ్టు (డ్రాప్ ఆర్మ్‌ను తిప్పే ఇరుసు) లివరు మీద కోసుగా ఉన్న రెండు మొలకలు వార్మ్ (స్టీరింగు రాడ్డు చివరి మరలాంటి భాగం) గాడిలో కూర్చుని ఉంటే అది రాస్ రకం. అమెరికాలోని లఫయెట్ పట్టణంలో డేవిడ్ రాస్ 1906లో పెట్టిన సంస్థ పేరు అది, మీ బండికి అసలు రావలసిన బాక్సూ అదే. మొలకలకు బదులు రోలర్ కనిపించినా, గుండ్లతో కదిలే నట్టు కనిపించినా ఎవరో వేరే బండి బాక్సును అమర్చారని అర్థం.

రాస్ బాక్సులో మొలకలు ఒకవైపు చదునుగా అరిగితే ఆ షాఫ్టు మార్చాల్సిందే. వాటికి వెల్డింగ్ పోయించి సాన పట్టిస్తామనే వారి మాట వినకండి. గట్టిపరచిన ఉక్కు మీద వెల్డింగ్ చేస్తే పగుళ్లు వస్తాయి, స్టీరింగు భాగం విరిగితే బండిని అదుపు చేసే దారి ఉండదు. షాఫ్టు తిరిగే బుష్‌లను మాత్రం నిశ్చింతగా కొత్తవి చేయించి, రీమరు వేయించి, ఆయిల్ సీలు మార్చవచ్చు. వార్మ్, స్టీరింగు రాడ్డు కలిసి ఒకే భాగంగా వస్తాయి కనుక కొనేముందు పాతదాని పొడవు కొలవండి. డ్రాప్ ఆర్మ్‌ను సుత్తితో కొట్టకుండా, పళ్లకు గుర్తు పెట్టుకుని పుల్లరుతో తీయండి.

బిగించే వరస ముఖ్యం. డ్రాగ్ లింకు విప్పి ఉంచి, మొదట పై మూత కింది షిమ్ములతో వార్మ్ బేరింగుల లూజు తీయాలి. ఆ తరువాతే పక్క మూత స్క్రూ. ఈ స్క్రూను స్టీరింగు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు మాత్రమే, చేతికి స్వల్పంగా బరువు తగిలేంతవరకు బిగించాలి. వార్మ్ గాడిని మధ్యలో లోతు తక్కువగా కోసి ఉంటారు. చివరన ఉంచి బిగిస్తే మధ్యకు రాగానే పట్టేస్తుంది. లోపల గ్రీజు కూరకండి, అది ఒకసారి పక్కకు తొలగితే తిరిగి గాడిలోకి రాదు. 140 గ్రేడు గేర్ ఆయిల్ పోయండి. అంతా అయ్యాక బెల్ క్రాంకును నేరుగా ఉంచి, ముందు చక్రాల టో-ఇన్‌ను (చక్రాలు ముందువైపు లోపలికి మొగ్గే కొలతను) 3/64 నుంచి 3/32 అంగుళాల మధ్య పెట్టించండి.

ప్రశ్న: సైన్యం వదిలేసిన పాత ఎడమచేతి జీపు బాక్సు ఒకటి తక్కువ ధరకు వస్తోంది. మా కుడిచేతి స్టీరింగు పికప్‌కు వేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ పని చేయకండి. కుడివైపు అమరిక ఎడమవైపుదానికి అద్దంలో ప్రతిబింబం వంటిది కనుక వార్మ్ గాడి కూడా ఎదురు దిశలో తిరిగి ఉండాలి. ఎడమచేతి వార్మ్‌నే తెచ్చి కుడివైపు అమరిస్తే మీరు కుడికి తిప్పినప్పుడు బండి ఎడమకు పోతుంది. ధర నిజంగా తక్కువైతే లోపలి గుండ్లు, వాటి కప్పుల కోసం కొనుక్కోండి. మీ బాక్సు కూడా రాస్ రకమే అయితే, పక్కపక్కన పెట్టి కొలతలు సరిచూసుకుని వాటిని వాడుకోవచ్చు.