తెల్లారినా ముగియని బ్యాకప్

ప్రశ్న: మాది గుంటూరులో ఒక ఆసుపత్రి. బ్యాకప్‌కి బకులా సాఫ్ట్‌వేరు, దాని క్యాటలాగుకి (ఏ ఫైలు ఏ బ్యాకప్‌లో ఉందో చెప్పే జాబితా) పోస్ట్‌గ్రెస్ డేటాబేసు వాడుతున్నాం. ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రేలు అన్నీ కలిపి 60 లక్షల ఫైళ్ళు. శనివారం రాత్రి ఫుల్ బ్యాకప్, ఏడాది నిల్వ. మొదట్లో ఆదివారం పొద్దుటికల్లా అయిపోయేది. ఇప్పుడు సోమవారం ఓపీ కౌంటరు తెరిచేటప్పటికి కూడా నడుస్తూనే ఉంటోంది. డేటా కాపీ అయిపోయాక జాబ్ ‘డిర్ ఇన్సర్టింగ్ యాట్రిబ్యూట్స్’ దగ్గర, అంటే ఫైళ్ళ వివరాలు క్యాటలాగులో రాసే దశలో, గంటల తరబడి కూర్చుంటోంది. ఆరు శాటా హార్డ్ డిస్కులు కలిపి కట్టిన రెయిడ్ 5 మీదే అన్నీ ఉన్నాయి. అందులో డేటాబేసుకిచ్చిన 200 జీబీ పార్టిషన్ 91 శాతం నిండింది. పాత రికార్డులు తీసేసినా ఒక్క జీబీ తగ్గలేదు. ఒకాయన వాక్యూమ్ ఫుల్ (పోస్ట్‌గ్రెస్‌లో ఖాళీ చోటు వెనక్కి తెచ్చే కమాండు) కొట్టమన్నాడు. సర్వర్ అమ్మినాయనేమో 64 జీబీ ర్యాము 128 చెయ్యమంటున్నాడు. ఏది చెయ్యమంటారు సార్?
— పేరు వేయొద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఆ వాక్యూమ్ ఫుల్ జోలికి వెళ్ళకండి. అది టేబుల్‌ని మొత్తం కొత్తగా మరో కాపీ రాసి, ఆ తర్వాతే పాతది తీసేస్తుంది. మీకు మిగిలింది 18 జీబీ. సగంలో ఆగిపోతుంది, ఈలోగా టేబుల్‌కి తాళం పడి బ్యాకప్‌లన్నీ లైన్లో నిలబడతాయి.

ఇక లెక్క చూద్దాం. బకులా ఒక్కో బ్యాకప్‌లో ఒక్కో ఫైలుకి ఒక్కో వరస రాస్తుంది. 60 లక్షలు, 52 వారాలు: 31 కోట్ల 20 లక్షల వరసలు, ఇంక్రిమెంటల్స్ (మారిన ఫైళ్ళ బ్యాకప్‌లు) కలపకుండానే. పోస్ట్‌గ్రెస్‌లో వరస డిలీట్ చేస్తే దాని చోటు టేబుల్లోనే ఉండిపోతుంది. ఆటోవాక్యూమ్ వచ్చి ఊడిస్తే కొత్త వరసలకు పనికొస్తుంది. అదేమో డిఫాల్టుగా టేబుల్లో 20 శాతం చచ్చిన వరసలు పోగయ్యేదాకా కదలదు. మీ లెక్కన 6 కోట్లు దాటాలి! ఫైల్ టేబుల్ ఒక్కదానికి ఆ హద్దుని (స్కేల్ ఫ్యాక్టర్) 0.01కి, అంటే 1 శాతానికి దించండి.

అసలు జబ్బు మాత్రం డిస్కుల్లో ఉంది. రెయిడ్ 5లో ఒక చిన్న రాతకి రెండు చదవడాలు, రెండు రాయడాలు. 7200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకి 80 పనులు చేస్తుందనుకుంటే ఆరూ కలిపి 480, అందులో నాలుగో వంతు, అంటే సెకనుకి 120 చిన్న రాతలే. అదే డిస్కుల మీదికి మిగతా జాబుల డేటా కూడా వచ్చి పడుతోంది. ఈసారి ఇన్సర్టింగ్ దగ్గర ఆగినప్పుడు ఐవోస్టాట్ (డిస్కుల పని చూపే కమాండు) నడిపి చూడండి. డిస్కు ఎంత శాతం బిజీగా ఉందో చూపే యుటిల్ 100కి అంటుకుని, సీపీయూ ఖాళీగా ఉంటే నా మాట నిజం. అప్పుడు ర్యాము డబ్బుతో రెండు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు కొని, మిర్రర్ చేసి (రెండిట్లోనూ ఒకే డేటా), డేటాబేసుని అక్కడికి మార్చండి. ఉన్న 64 జీబీనే పోస్ట్‌గ్రెస్ వాడుకోవడం లేదేమో కూడా చూడండి. షేర్డ్ బఫర్స్ (అది తనకోసం పట్టుకునే ర్యాము) డిఫాల్టు 128 ఎంబీ. దాన్ని 16 జీబీ చేసి సర్వీసు రీస్టార్ట్ చెయ్యండి.

మార్చేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం. ముందు ఫైల్ రిటెన్షన్ (క్యాటలాగులో ఫైళ్ళ వరసలు ఉంచే గడువు) 90 రోజులకి తగ్గించి, ఒక్కో క్లయింటునే (బ్యాకప్ తీసే మెషీను) ప్రూన్ చెయ్యండి, అంటే గడువు దాటిన వరసలు తీసెయ్యండి. జాబ్ రిటెన్షన్ (జాబు రికార్డు ఉంచే గడువు) ఏడాదే ఉంచండి. 90 రోజులు దాటినదాంట్లో ఒక్క ఎక్స్‌రే కావాలంటే ఆ జాబు మొత్తం రీస్టోర్ చేసుకోవాలి, దీనికి మీ రికార్డుల విభాగం ఒప్పుకోవాలి మరి. తర్వాత బకులా డైరెక్టర్ (జాబులు నడిపే ప్రోగ్రాము) ఆపి, పీజీ డంప్ (డేటాబేసు మొత్తం కాపీ) తీసి, కొత్త డిస్కుల మీద రీస్టోర్ చెయ్యండి. ఉబ్బిన టేబుల్ తనంతట తానే చిక్కిపోతుంది, ఇండెక్సులూ కొత్తగా తయారవుతాయి. ఆ తర్వాత అనలైజ్ (టేబుళ్ళ గణాంకాలు మళ్ళీ తీసే కమాండు) నడపడం మర్చిపోవద్దు. నేనొకసారి మర్చిపోయి, రీస్టోర్‌కి ఫైళ్ళు ఏరుకునే ఫోల్డర్ల చెట్టు కట్టడానికే అరగంట పడుతుంటే కొత్త డిస్కులని తిట్టుకున్నాను.

ఎవరైనా ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకి చేరేలా చూసే సెట్టింగు) ఆపెయ్యమంటే వినకండి. కరెంటు పోయిన రోజున క్యాటలాగు పాడవుతుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు. క్యాటలాగు బ్యాకప్‌కి బకులా రాసే బూట్‌స్ట్రాప్ ఫైలు (ఆ బ్యాకప్ ఏ వాల్యూములో, అంటే ఏ టేపులో లేదా డిస్కు ఫైలులో ఉందో చెప్పేది) ఎక్కడుంది? నాదొకప్పుడు అదే సర్వర్లో ఉండేది. డిస్కు పోయాక తెలిసింది, తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేశానని. ఏ వాల్యూములో క్యాటలాగు ఉందో వెతుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ ఫైలు రోజూ మీ మెయిలుకి వచ్చేలా పెట్టుకోండి, ఈ రాత్రికే.