సందేహాలు – సమాధానాలు: శిక్షించేదీ రక్షించేదీ ఒకరేనా?

ప్రశ్న: రెండేళ్ల క్రితం మా వారు పక్షవాతంతో మంచాన పడ్డారు. వైద్యానికి చేసిన అప్పులు తీర్చడానికి ఉన్న ఎకరంన్నర పొలం అమ్ముకున్నాం. పలకరించడానికి వచ్చినవాళ్లు ‘ఏ జన్మలో చేసుకున్న పాపమో’ అనేసి వెళుతున్నారు. ఇది భగవంతుడు వేసిన శిక్షే అయితే ఆయనను దయామయుడని ఎలా నమ్మాలి? కోపం వచ్చి మూడు నెలలుగా దీపం పెట్టడం మానేశాను. అది మరో పాపమవుతుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, మీ ప్రశ్న మీకంటే ముందు సీతమ్మవారి నోటనే వచ్చింది. సుందరకాండ 38వ సర్గలో హనుమంతుడు ఆనవాలు అడిగినప్పుడు ఆమె చిత్రకూటంలో జరిగిన కాకి కథ చెబుతుంది. తనను ముక్కుతో పొడిచి గాయపరిచిన ఆ కాకి మీద రాముడు దర్భపుల్లను బ్రహ్మాస్త్రంగా అభిమంత్రించి వదిలాడు. అది మూడు లోకాలూ తిరిగి, కాచేవారెవరూ కనబడక, చివరికి అస్త్రం వేసినవాని పాదాల దగ్గరే వచ్చి పడింది. చంపదగినదే అయినా కృపతో కాపాడాడని వాల్మీకి అంటాడు. అయితే వదిలిన అస్త్రం వృథా కారాదు కనుక దాని కుడికన్ను పోయింది. ప్రాణం దక్కింది, కానీ తప్పు తప్పు కాకుండా పోలేదు.

ఈ కథ ముగించి సీతమ్మ ఊరుకోలేదు. నా కోసం ఒక కాకి మీద బ్రహ్మాస్త్రం వేసినవాడు, నన్ను అపహరించిన వాణ్ణి ఎందుకు సహిస్తున్నాడని నిలదీసింది. ఆ వెంటనే, ఇది నా దుష్కృతమే అయి ఉంటుందనీ అనుకుంది. గమనించండి, ఆ మాట ఆమె తన గురించే అనుకుంది. యుద్ధం ముగిశాక, సీతమ్మను బాధించిన రాక్షసస్త్రీలను చంపడానికి హనుమంతుడు అనుమతి అడిగితే, తప్పు చేయనివారు ఎవరని ఆమె వారించింది. కర్మసిద్ధాంతం మనిషి తనను తాను తరచి చూసుకోవడానికే గాని, పక్కింటి మంచం దగ్గర కూర్చుని లెక్కలు కట్టడానికి కాదని నేను ఇక్కడే గ్రహించాను.

మీకు దగ్గరలోని భద్రాచలం కథలోనూ ఇటువంటి లెక్క ఒకటుంది. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, సర్కారు సొమ్ముతో గుడి కట్టించినందుకు, తానీషా ఏలుబడిలో గోలకొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడని, పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో ఉంచినందుకే ఆ శిక్ష పడిందని చెబుతారు. ఈ పద్దు నాకెన్నడూ మింగుడుపడలేదు. నన్ను ఆకట్టుకునేది అదే కథలోని మరో ఘట్టం. రామలక్ష్మణులు నవాబు కలలోకి వచ్చి ‘వీడిని వదిలిపెట్టు’ అని ఆజ్ఞాపిస్తే సరిపోయేది. అలా చేయకుండా, బంటుల వేషంలో వచ్చి, ఆరు లక్షల పైకమూ లెక్కపెట్టి, చెల్లుచీటీ రాయించుకుని, దాన్ని గోపన్న దగ్గర ఉంచి వెళ్లారని ప్రతీతి. అంటే బాకీ మాఫీ కాలేదు, కట్టవలసినవాని బదులు మరొకరు కట్టారు. కాకి విషయంలో చూసిన న్యాయమూ దయా ఇక్కడ ఒకే చీటీ మీద కనబడతాయి.

మీకు వచ్చినది శిక్షేనా అంటే, కాదో అవునో తేల్చే అధికారం నాకూ లేదు, మిమ్మల్ని పలకరించి వెళ్లేవారికీ లేదు. పక్షవాతానికి రక్తపోటు వంటి కారణాలుంటాయి. వాటి సంగతి వైద్యులు చూసుకుంటారు.

ఇక మీ కోపం గురించి. చెరలో దెబ్బలు తిన్న రామదాసు, చేయించిన ప్రాకారానికీ నగలకూ ఎన్ని వరహాలయ్యాయో ఏకరువు పెట్టి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే కడిగేశాడు. ఆ కీర్తన చివర, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోవద్దని వేడుకున్నాడు. ఆ తిట్లను మన పెద్దలు అపరాధంగా లెక్కించలేదు, నేటికీ కచేరీలలో పాడించుకుంటున్నారు. రాముడికి నేరుగా చెప్పలేననిపించినప్పుడు, నా మాట ఆయన చెవిన వేయమని సీతమ్మను ఆశ్రయించినవాడూ ఆయనే. మూడు నెలలు దీపం పెట్టనందుకు భయపడకండి. మళ్లీ పెట్టాలనిపించిన సాయంత్రం పెట్టండి, అడగవలసినది అడిగే పెట్టండి.