రంగస్థలం నుంచి రేడియోకు

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి ఇంట వారానికొకసారి పాత బ్రాడ్వే (న్యూయార్క్ నాటకశాలల) నాటకాల పాటలు వినిపించే రేడియో కార్యక్రమం విన్నాను. నాటకం చూడనివారికి ఆ పాటలు ఎలా తెలిశాయండీ? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: చాలావరకు రేడియో వల్లనేనమ్మా. 1935లో మొదలైన ‘యువర్ హిట్ పరేడ్’ వారం వారం జనాదరణ పొందిన పాటలను గాయకులచేత పాడించి దేశమంతటా వినిపించేది. మన పద్యనాటకాల పద్యాలు గ్రామఫోన్ రికార్డులెక్కి నాటకం చూడని ఇళ్లకూ చేరినట్టే, న్యూయార్క్ వేదిక మీది పాటలు చిన్న ఊళ్లకు వెళ్లాయి. ఆనాటి పాటలు చాలావరకు 32 బార్ల (బార్ అంటే తాళపు కొలత) కట్టుబాటులో ఉండేవి: మొదటి వరుస రెండుసార్లు, నడుమ వేరొక వరుస, తిరిగి మొదటిది. కథతో పనిలేకుండానే అవి నోటికి వచ్చేవి.

1943లో సంగీతకర్త రోడ్జర్స్, రచయిత హామర్‌స్టీన్‌ల నాటకం ‘ఓక్లహోమా!’, పాటను కథతోనూ పాత్ర స్వభావంతోనూ గట్టిగా ముడివేసింది. వేదిక మీద పాడినవారి గొంతులతోనే డెక్కా సంస్థ ఆ ఏడాదే రికార్డులు విడుదల చేసింది. పాటలు ఇలా కథతో ముడిపడినందుకే, మీరు విన్నలాంటి కార్యక్రమాల్లో పాటకు ముందు సన్నివేశాన్ని రెండు మాటల్లో చెప్పే వ్యాఖ్యాతే నాకు నచ్చుతాడు. ఊరికే పాటలు వరుసపెట్టేవారు సగం పనే చేస్తున్నారు.